నిలిచిన చూపు

జూన్ 3, సోమవారం, సాయంత్రం

బాబాయికి,

ఫోన్ చేస్తే నేను ఒకటి అడగడం, సరిగా వినపడక నువ్వు ఇంకోదానికి జవాబు చెప్పడం, మధ్యలో పిన్ని ఫోన్ లాక్కోవడం, ఈ తతంగమంతా ఎందుకని మళ్లీ ఉత్తరానికే దిగాను. ఇప్పుడు డబ్బాలో వేస్తే రేపు నువ్వు కళ్లద్దాల దుకాణం తెరిచేసరికి చేరుతుంది. నా క్షేమం అంటావా, కాళ్లు పీకుతున్నాయి, మిగతా అంతా బాగుంది.

ఇవాళ మా పెద్ద డాక్టరుతో గొడవ పెట్టుకున్నాను. ఎందుకో తెలిస్తే నువ్వు మెచ్చుకుంటావని ముందు నీకే రాస్తున్నాను.

పొద్దున పది గంటలకి ఎమర్జెన్సీకి ఒక పెయింటరు వచ్చాడు. ఇళ్లకి రంగులేసే మనిషి, యాభై దాటాయి, గోళ్ల సందుల్లో ఇంకా తెల్లరంగు ఉంది. తెల్లారి లేచినప్పటినుంచీ ఒక్క నిమిషం ఆగకుండా కళ్లు తిరుగుతున్నాయట. నాలుగుసార్లు వాంతి అయింది. మంచం అంచున కూర్చోబెడితే పట్టు వదిలిన మరుక్షణం ఎడమపక్కకి ఒరిగిపోతున్నాడు. "ఆ గోడ నిలబడట్లేదమ్మా, ఎవరినైనా కాసేపు పట్టుకోమనండి" అన్నాడు. అంత బాధలోనూ హాస్యం మానలేదు.

సీటీ స్కాన్‌లో ఏమీ కనపడలేదు. మెదడు వెనక భాగంలో చిన్న స్ట్రోక్ వస్తే ఆ స్కాన్‌కి చాలాసార్లు దొరకదు. అందుకని కళ్లు చూశాను. అందులో మూడు పనులుంటాయి. నా ముక్కు మీదే చూపు ఉంచమని, తలని రెండు చేతుల్తో పట్టుకుని చటుక్కున కొంచెం పక్కకి తిప్పాను. ఆయన చూపు నా ముక్కు మీంచి చెదరలేదు. తర్వాత కుడికి చూడమంటే కళ్లు కుడికి కొట్టుకున్నాయి, ఎడమకి చూడమంటే ఎడమకి కొట్టుకున్నాయి. మూడోది నువ్వు రోజూ చేసేదే, ఒక కన్ను కప్పి, తీసి, రెండోది కప్పడం. చెయ్యి మార్చినప్పుడల్లా కనుగుడ్డు వెంట్రుకవాసి కిందికి దిగింది. మూడూ చెడ్డవే. ఇది చెవి జబ్బు కాదు, మెదడులో స్ట్రోక్ అని రాసి పడుకోబెట్టాను. కిందటి వారం ఇలాగే వచ్చిన టీచరమ్మకి తల తిప్పగానే చూపు జారిపోయి, మళ్లీ గెంతి నా ముక్కు మీదకి వచ్చింది. ఆమెని స్కాన్ కూడా లేకుండా నిశ్చింతగా ఇంటికి పంపాను.

పెద్దాయనకి స్కాన్ చెప్పిందే వేదం. "కళ్లు చూసి మెదడు సంగతి చెప్పడానికి ఇదేమైనా జాతకమా? మాత్ర ఇచ్చి పంపెయ్యి" అన్నాడు. నేను సంతకం పెట్టనన్నాను. ఎమ్మారై తీయిస్తాను, అందులోనూ ఏమీ లేకపోతే నువ్వు ఎమర్జెన్సీలో ఉండక్కర్లేదు, కింద రికార్డు గదిలో ఫైళ్లు సర్దుకోవచ్చు అని వెళ్లిపోయాడు. సర్దుకుంటానులే అనుకున్నాను, ఎలాగూ ఆ అవసరం రాదు.

పిన్నికి నా ముద్దులు.

నీ అమ్మాయి


జూన్ 4, మంగళవారం

డాక్టరమ్మకి దుకాణదారు బాబాయి ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. గోడ మీద అక్షరాల పట్టీలో కింది రెండు వరసలూ వెలిసిపోయాయి. అవి చదవలేకపోతే తప్పు కళ్లది కాదు పట్టీది అని ప్రతివాడికీ చెప్పలేక చస్తున్నాను. మీ పిన్ని నాకు చెవి మిషన్ కొంటానని పట్టుబట్టి కూర్చుంది. నాకు వినపడాల్సినవి వినపడుతూనే ఉన్నాయని చెప్పాను. ఆ మాటకి ఆవిడ ఏమందో మాత్రం వినపడలేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడోసారికి గుండె గుభేలుమంది. చూపు చెక్కుచెదరని మనిషికి జబ్బుందని మంచానికి కట్టేశావు. చూపు జారిపోయి గెంతిన టీచరమ్మని ఇంటికి పంపావు. తల్లీ, ముప్పై నాలుగేళ్లుగా ఈ బల్ల వెనక కూర్చుని కళ్లు చూస్తున్నాను. నిలబడే కన్ను మంచిది, జారే కన్ను చెడ్డది. ఇది దుకాణం ఊడ్చే మనిషికి కూడా తెలుసు. పన్నెండేసి గంటలు నిలబడి పనిచేస్తే ఎవరికైనా కుడి ఎడమలు కలగాపులగం అవుతాయి. అందులో నామోషీ ఏం లేదు. పైగా పెద్దవాళ్లతో పంతానికి పోయావు. అది మాత్రం మీ నాన్న పోలిక, నాది కాదు.

చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు కాబట్టి, ఈ ఉత్తరంతోపాటే మీ పెద్ద డాక్టరుగారికి కూడా ఒకటి రాసి పడేశాను. గాభరా పడకు, మర్యాదగానే రాశాను. మా అమ్మాయి పదేళ్లప్పుడే ఫ్రేము వెంట్రుకంత వంకరున్నా బల్ల అవతలినుంచి చెప్పేది, కన్ను కిందికి దిగిందని అందంటే దిగినట్టే, చూడడంలో ఇంతవరకు పొరపడలేదు, దానికి నేను పూచీ, కాకపోతే అలసట వల్ల అర్థం తలకిందులు చేసుకుంది, చిన్నపిల్ల, మన్నించండి అని. పెద్దమనిషి అయితే కరగకపోడు. టీచరమ్మని వెనక్కి పిలిపించు, పెయింటరుని ఇంటికి పంపు, గొడవ వదిలిపోతుంది.

వేళకి తిను. నిద్రపో.

మీ బాబాయి


జూన్ 4, మంగళవారం, సాయంత్రం

బాబాయ్,

నీ జవాబు ఇంకా రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. నిన్నటి ఉత్తరంలో ఒక మెలిక చెప్పడం మరిచిపోయాను. డబ్బాలో వేశాక గుర్తొచ్చి, నువ్వు చదివి బుర్ర గోక్కుంటావని నవ్వుకున్నాను.

చూపు నిలబడితే చెడ్డ ఎలా అవుతుందని అడుగుతావు కదా. తల కదిలినా చూపు కదలకుండా పట్టి ఉంచే తీగ ఒకటి చెవి లోపలినుంచి వస్తుంది. ఆ తీగ పాడైతే కళ్లు తిరుగుతాయి, తల తిప్పగానే చూపు జారుతుంది. అది బాధపెడుతుందే కానీ ప్రాణం తియ్యదు. మనింట్లో దీపాలన్నీ ఆరిపోయినప్పుడు నువ్వు ముందు ఫ్యూజు చూస్తావు. ఫ్యూజు పోయి ఉంటే అమ్మయ్య అనుకుంటావు. ఫ్యూజు నిక్షేపంలా ఉండి కూడా ఇల్లు చీకటిగా ఉంటేనే భయం, తప్పు ఇంకా పైన ఎక్కడో ఉందని. పెయింటరు ఫ్యూజు బాగుంది. ఇల్లు మాత్రం చీకటి.

ఎమ్మారై నిన్న రాత్రే తీశారు. అందులోనూ ఏమీ కనపడలేదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో అదీ మోసం చేస్తుంది, మూడు రోజులు దాటాక మళ్లీ తీస్తే బయటపడుతుంది. ఆ మాటే పెద్దాయనకి చెప్పాను. ఆయన వరండాలో లిఫ్టు పక్కనున్న పెయింటరు మంచం దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం వంగి ఆయన కళ్లలోకి చూసి, "నాకేం కనపడలేదు. అంత చిన్న కదలిక నువ్వు చూశావా, చూశాననుకున్నావా?" అన్నాడు. చూశానన్నాను. గురువారం పది గంటలకి డిశ్చార్జి, ఆ కాగితం మీద సంతకం తనే పెడతానన్నాడు. నన్ను శుక్రవారం నుంచి రికార్డు గదికి వెయ్యమని ఆర్డరు టైపు చేయించాడు.

ఫైళ్ల సంగతి నాకు బెంగ లేదు. బెంగంతా పెయింటరు గురించే. మొదటిది చిన్న హెచ్చరిక లాంటిది. రెండోది పెద్దది రావచ్చు. అప్పుడు మింగడం, ఊపిరి, అన్నీ ఒక్కసారే పోతాయి. ఆ సమయంలో ఆయన ఇంట్లో ఒంటరిగా ఉంటాడు, భార్య పోయి నాలుగేళ్లయిందట. ఇంకా రెండు రోజులుంది. నేను చూసింది నిజం, దాని అర్థమూ నిజం. ఎలాగోలా ఒప్పిస్తాను.

నీ అమ్మాయి


జూన్ 5, బుధవారం

బాబాయ్,

నీ ఉత్తరం అందింది. ఆయనకి రాసిందీ అందింది.

మధ్యాహ్నం రౌండ్లలో, హెడ్ నర్సు ముందు, ఇద్దరు జూనియర్ల ముందు, పెద్దాయన దాన్ని జేబులోంచి తీశాడు. "మీ సొంత బాబాయే నువ్వు తలకిందులుగా అర్థం చేసుకున్నావంటున్నాడు, ఇప్పుడేమంటావు?" అని అడిగాడు. జూనియర్లలో ఒకమ్మాయి నేలచూపులు చూసింది.

నన్ను అడిగి ఉండొచ్చు కదా. ఒక్క రోజు ఆగి ఉండొచ్చు కదా. నేను చిన్నపిల్లని కాను. నా వార్డులో వేలు పెట్టమని నేను అడగలేదు.

రేపు పది గంటలకి పెయింటరుని పంపేస్తున్నారు.

అమ్మాయి


జూన్ 6, గురువారం

అమ్మాయ్,

ఈ రెండు రోజుల్లో నేను చేసిన ఘనకార్యాలు వరసగా రాస్తాను, తిట్లన్నీ ఒకేసారి తిట్టేద్దువుగాని.

నిన్న పొద్దున నీ ఫ్యూజు ఉత్తరం వచ్చింది. చదివి నెత్తి మీద నేనే ఒకటి మొట్టుకున్నాను. నాది ఎంత తొందరపాటో అప్పుడు తెలిసింది. వెంటనే మీ పెద్ద డాక్టరుగారికి, నేను కళ్లద్దాలు అమ్ముకునేవాణ్ణి, ముందు రాసింది చెత్తబుట్టలో వెయ్యండి అని ఇంకోటి రాద్దామని కూర్చున్నాను. అది చేరేసరికి గురువారం పది దాటిపోతుందని లెక్క తేలి కలం పక్కన పెట్టేశాను. ఆసుపత్రికి ఫోన్ చేశాను కూడా. అవతలివాళ్లు ఏం చెప్పారో నాకు అర్థం కాలేదు, నేను అరిచింది వీధి చివరి దాకా అర్థమైందని మీ పిన్ని చెప్పింది.

ఆ కంగారులో ఇంకో ఘనకార్యం. మీ పిన్నికి వారం నుంచి మంచం మీద పక్కకి ఒత్తిగిలితే నాలుగు క్షణాలు కళ్లు తిరిగి తగ్గుతోంది. నాతో చెప్పలేదు, నిన్ననే బయటపడింది. సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టి, నా ముక్కు చూడమని, నువ్వు రాసినట్టే తల పట్టుకుని చటుక్కున తిప్పాను. చూపు చెక్కుచెదరలేదు. ఫ్యూజు బాగుంది. ఇంటి చెప్పుల్తోనే ఆవిణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్లాను. అక్కడి డాక్టరు, "అమ్మా, ఇప్పుడు కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగితే, "లేదండీ, ఈయన తల తిప్పాకే కొంచెం తిరిగాయి" అంది. ఆయన నవ్వు ఆపుకోలేక పక్క గదిలోకి వెళ్లాడు. ఇది ఎందుకు తప్పో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు, నువ్వే చెప్పు.

ఈ పూట నీ కోపం ఉత్తరం వచ్చింది. గడియారం చూశాను, పదిన్నర. ఆ మనిషిని పంపేసి ఉంటారు. అమ్మాయ్, ఆయనకేమైనా అయితే ఆ పాపంలో సగం నాది. నీ పరువు తీసింది కూడా నేనే. క్షమించు అని రాయడానికి మొహం చెల్లడం లేదు, అయినా రాస్తున్నాను. ఏం జరిగిందో రెండు ముక్కలు రాయి.

బాబాయి

మీ పిన్ని చేర్పు: నా మెడ బాగానే ఉంది. ఈయనకి మళ్లీ ఏ పరీక్షా నేర్పకు.


జూన్ 7, శుక్రవారం

బాబాయికి,

పెయింటరు ఇక్కడే ఉన్నాడు. ముందు ఊపిరి పీల్చుకో, తర్వాత చదువు.

నిన్న తొమ్మిదింటికి నేను ఆయన మంచం దగ్గరే నిలబడి ఉన్నాను. డిశ్చార్జి కాగితం తెస్తే ఎలా వాదించాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను. పెద్దాయన వచ్చాడు. చేతిలో నీ ఉత్తరం ఉంది, కాగితం లేదు. "మీ బాబాయి రాసింది ఇంటికెళ్లి మళ్లీ చదివానమ్మా" అన్నాడు. "నువ్వు చూసింది నిజమని ఆయన పూచీ పడుతున్నాడు. దాని అర్థం మాత్రం తప్పంటున్నాడు. అర్థం సంగతి రాత్రి పుస్తకం తీసి చూశాను, నువ్వన్నదే సరి. అంత చిన్న కదలిక నువ్వు నిజంగా చూశావా అన్నదే నా అనుమానం. నువ్వు అబద్ధమాడావని కాదు, కుర్రతనం కదా, చూడాలనుకున్నది కనపడుతుంది. కళ్లే వృత్తిగా బతికే మనిషి, నిన్ను తప్పుపడుతూ కూడా నీ చూపుకి పూచీ ఇస్తే, నేను ఒక్క క్షణం వంగి చూసి కాదనడం బాగాలేదు."

పెయింటరుని చక్రాల కుర్చీలో కిటికీ దగ్గరికి తోయించి, ఎదురుగా కూర్చున్నాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. అరచేత్తో ఒక కన్ను కప్పి, చెయ్యి మార్చాడు. మళ్లీ మార్చాడు. పదిసార్లు మార్చి ఉంటాడు. తర్వాత నా వైపు తిరగకుండానే, "దిగుతోంది" అన్నాడు.

మధ్యాహ్నం రెండో ఎమ్మారై తీశారు. చిన్నమెదడు పక్కన బియ్యపు గింజంత తెల్లమచ్చ. మెడ వెనక రక్తనాళంలో సన్నటి ఇరుకు, గడ్డలు అక్కడినుంచే వస్తున్నాయి. మందు మొదలుపెట్టాం. ఇంకో గడ్డ రాకుండా చూసుకుంటే ఆయన మళ్లీ నిచ్చెన ఎక్కుతాడో లేదో కానీ, రంగులు మాత్రం కలుపుతాడు. రికార్డు గది ఆర్డరు పెద్దాయనే చింపేశాడు. కళ్లు తిరుగుతున్నాయని వచ్చి, ఆ తిరుగుడు ఇంకా ఆగనివాళ్లందరికీ స్కాన్‌కి ముందు కళ్లు చూడాలని బోర్డు మీద రాయించాడు. జూనియర్లకి నేర్పే పని నాకిచ్చాడు. నేను గెలిచాను బాబాయ్, దాచుకోవడం ఎందుకు, తెగ సంతోషంగా ఉంది.

అదే బోర్డు మీద నీ తప్పుకి కూడా జవాబు ఉంది. ఈ పరీక్ష చేసేది కళ్లు తిరుగుతూ ఉండగానే, కనుగుడ్లు కొట్టుకుంటూ ఉన్నప్పుడే. దీపాలన్నీ వెలుగుతున్న ఇంట్లో ఫ్యూజు బాగుంటే అందులో వింతేముంది? పిన్నిది లోపలి చెవిలో సన్నటి రవ్వలు పక్కకి జారడం. తలని ఒక పద్ధతిలో వాల్చి తిప్పితే సర్దుకుంటుంది. అది డాక్టరు చెయ్యాలి, నువ్వు కాదు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. పెద్దాయన కాదన్నప్పుడు నాకు కోపం వచ్చింది. నువ్వు కాదన్నప్పుడు భయమేసింది. బుధవారం గదికెళ్లి తలుపేసుకుని, నేను చదివిన పుస్తకమే మళ్లీ మొదటినుంచి తీశాను, ఒకవేళ నీ మాటే నిజమేమోనని. నాకు కన్ను చూడడం నేర్పింది నువ్వు కదా. ఇంకెప్పుడూ ముందు నన్ను అడగకుండా అలా అనకు.

ఇంకో సంగతి. పెయింటరు ఇవాళ మాటల్లో చెప్పాడు. సోమవారం పొద్దున ఆయన ముందు మా దగ్గరికి రాలేదట. గీత మీద గీత, రెండుగా కనపడుతుంటే కళ్లజోడు మార్చాలేమోనని వాళ్ల వీధిలో కళ్లద్దాల షాపుకి గోడలు పట్టుకుంటూ వెళ్లాడట. ఆ షాపాయన వయసుతో వచ్చేదే అని కళ్లలో చుక్కలేసి పంపాడట. వాంతి అయ్యేసరికి ఎవరో బండెక్కించి ఇటు తెచ్చారు. నీ తోటి వ్యాపారే, నవ్వొచ్చి నీకు రాస్తున్నాను.

నీ అమ్మాయి


జూన్ 10, సోమవారం

అమ్మాయ్,

నీ ఉత్తరం శనివారం అందింది. మొదటి మూడు పేజీలూ మీ పిన్నికి గట్టిగా చదివి వినిపించాను. పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్న చోట ఆవిడ నన్ను ఆపి మళ్లీ చదివించుకుంది. ఆయనకి నేను రాసిన ఉత్తరంలో పూచీ పడ్డ ఒక్క వాక్యం తప్ప మిగతాదంతా తప్పే, ఆ ఒక్కటీ పనికొచ్చింది. నీ బోర్డు సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పాను, అడగనివాళ్లకి కూడా. నువ్వు నాకంటే బాగా చూస్తావు. ఇది నీ ముందు ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది, అది నా గొప్పే అనుకో.

చివరి పేజీ మాత్రం మీ పిన్నికి చదవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

నువ్వు నవ్వులాటకి రాశావని తెలుసు. నాకు నవ్వు రాలేదు. కిందటి చలికాలంలో పుస్తకాలు బైండింగ్ చేసే ఒకాయన వచ్చాడు. నిన్నటినుంచి తల తిరుగుడు ఆగడం లేదని, అక్షరం మీద అక్షరం ఎక్కి రెండు వరసలు కనపడుతున్నాయని చెప్పాడు. లోపలికి వస్తూ గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఒక కన్ను కప్పి చూశాను, చెయ్యి మార్చాను. కన్ను కిందికి దిగింది. నువ్వు చూసినదే నేనూ చూశాను అమ్మాయ్, వెంట్రుకవాసి కాదు, ఇంకా ఎక్కువే. వయసు అన్నాను. రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపే అద్దాలు రాసి, వారం తర్వాత రండి అన్నాను. పనితనం బాగా కుదిరిందని మీ పిన్నికి చూపించాను కూడా. ఆయన తీసుకోవడానికి రాలేదు. బేరం మార్చుకుని వేరే షాపుకి పోయి ఉంటాడని రెండు రోజులు విసుక్కుని మరిచిపోయాను.

నిన్నంతా పాత చీటీలు తిరగేశాను. అలాంటివాళ్లు ఇంకో ఇద్దరు గుర్తొచ్చారు. వాళ్లలో ఒకావిడ పోయినేడాది కూడా వచ్చి ఫ్రేము మార్చుకుంది, బాగానే ఉంది. ఇంకొకాయన చీటీలో చిరునామా లేదు. బైండింగ్ ఆయన చీటీలో ఉంది.

దుకాణంలో ఇవాళ్టినుంచి పద్ధతి మార్చాను. రెండుగా కనపడుతోందన్న ప్రతివాణ్ణీ ముందు ఎప్పటినుంచి అని అడుగుతాను, తల తిరుగుతోందా అని అడుగుతాను. అవునంటే తల పట్టుకుని తిప్పను, నాకు చేతకాదు. దుకాణానికి తాళం వేసి నేనే వెంట ఉండి ఆసుపత్రికి తీసుకెళ్తాను. అద్దాల బేరం తర్వాత.

బైండింగ్ ఆయన ఇల్లు ఇక్కడికి రెండు బస్సుల దూరం. రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాను. ఆయనే తలుపు తీస్తే ఆలస్యమైందని చెప్పి అద్దాలు పెట్టి చూస్తాను. ఆయన తీయకపోతే, తీసినవాళ్లని కూర్చోమని, ఆ రోజు నేను ఏం చూశానో, చూసి ఏమన్నానో ఉన్నదున్నట్టు చెప్పి వస్తాను.

బాబాయి

మీ పిన్ని చేర్పు: ఆ పేజీ చొక్కా ఉతుకుతుంటే దొరికింది. అవతలివాళ్లు ఏమన్నా ఈయనకి సరిగా వినపడదు. నేనూ వెళ్తున్నాను.